వినేవాళ్ళు: సున్నా

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అందరూ అంటారు. అబద్ధమేమీ కాదు. అయినా మా చెల్లెలి పెండ్లికి ముందు ఆ వారం రోజులు నేను పడ్డ పాట్లు వింటే, ముక్కు మీదేం ఖర్మ, నెత్తినెక్కి కూర్చున్నా తప్పులేదని మీరే అంటారు.

తొంభైల ఆఖర్లో మాట. మద్రాసు చూలైలో కింద పుస్తకాల బైండింగ్ షాపు, పైన మా ఇల్లు. నాయన, అమ్మ, నేను, చెల్లెలు, అత్త. అత్తంటే నాయనకు అక్క. ఇరవై రెండేళ్ళకే మొగుడు పోయి మా ఇంటికి వచ్చేసిన మనిషి. చెల్లెలు పుట్టిన ఏడు అమ్మ జబ్బు చేసి మంచాన పడితే, ఆ పిల్లకు పాలు పట్టి, నీళ్ళు పోసి, ఒళ్ళో వేసుకొని పెంచింది అత్తే. చెల్లెలికి అమ్మ కన్నా అత్త ఒక మెట్టు ఎక్కువ. అది అమ్మకూ తెలుసు. పాపం, ఎప్పుడూ ఏమీ అనదు.

మా వాళ్ళలో పెండ్లికూతురికి నలుగు పెట్టేటప్పుడు ఒక పాట ఉంది. మేనత్త పాడాలి. ఒక్కో చరణంలో మగపెండ్లివాళ్ళను ఒక్కొక్కరినీ పట్టుకొని ఎగతాళి చేయాలి. ఎవరి ముక్కు వంకరో, ఎవరి నడక వంకరో చూసి అప్పటికప్పుడు మాటలు కట్టాలి. చరణం అయ్యేసరికి చుట్టూ ఉన్న ఆడవాళ్ళు "ఔనమ్మా ఔను" అని అందుకోవాలి. ఆ పాటలో ఎంత మాట అన్నా ఎవరూ కోపం తెచ్చుకోకూడదు, అది కట్టు. చూలై నుంచి తొండియార్‌పేట దాకా మా వాళ్ళ ఆడవాళ్ళలో సగం మందికి ఆ పాట నేర్పింది మా అత్తే. కానీ మొగుడు లేని మనిషి కదా, పీట దగ్గరికి రాకూడదు. ఎవరింట్లో పెండ్లయినా వెనక వంటింట్లో కూర్చొని నేర్పేది, ముందర వేరేవాళ్ళు పాడేవాళ్ళు. నేను పుట్టినప్పటి నుంచీ ఇంతే. చూసి చూసి కళ్ళు అలవాటు పడిపోయినాయి, ఇది అన్యాయమని నాకెప్పుడూ తట్టనే లేదు.

నిశ్చితార్థం రోజు తాంబూలం పళ్ళెం దగ్గర నిలబడిన అత్తను చూసి, అబ్బాయి వాళ్ళ పెద్దమ్మ "ఆమెను కొంచెం అవతల నిలబడమనండి" అనింది. గట్టిగా కూడా అనలేదు. అత్త లోపలికి పోయింది. ఆ సాయంత్రం కాఫీ గ్లాసులు కడుగుతూ, "పెండ్లికి నేను రాను. మీరంతా మంటపంలో ఉంటే ఇల్లెవురు చూసుకునేది?" అని తేల్చేసింది. చెల్లెలు ఊరుకుంటుందా? అత్త పాట లేకపోతే పీట మీద కూర్చోనే కూర్చోనని మొండికేసింది. అది మొండికేసిందంటే ఇంక ఏనుగును పెట్టి లాగినా కదలదు. అమ్మ ఏడుపు మొదలుపెట్టింది. నాయన పేపరు మడిచి, విప్పి, మళ్ళీ మడిచినాడు.

అక్కడ నేను తెలివి చూపించినాను. వాషర్‌మెన్‌పేట్‌లో ఒక కంప్యూటర్ సెంటర్‌లో పాఠాలు చెప్పేదాన్ని నేను. ఇంట్లోనూ ఒక కంప్యూటర్ ఉండేది, ఫోను లైనుకు తగిలించిన మోడెమ్‌తో ఇంటర్నెట్టూ ఉండేది. మన కంప్యూటర్ ముందు మైకులో మాట్లాడితే, ఇంకెక్కడో ఉన్న కంప్యూటర్‌లో ఆ మాట వినబడేలా చేసే సాఫ్ట్‌వేర్ ఒకటి ఒక పత్రికతో పాటు వచ్చిన సీడీలో దొరికింది. సొంత రేడియో స్టేషన్ అన్నమాట. అత్త ఇంట్లో కూర్చొని పాడుతుంది, తొండియార్‌పేటలో మంటపంలో ఇంకో కంప్యూటర్ పెట్టి దాన్ని మైక్‌సెట్‌కు కలిపితే హాలంతా వింటుంది. ఇద్దరి మాటా నెగ్గుతుంది.

"ఎందుకమ్మా ఇంత తిరుగుడు, క్యాసెట్ ఒకటి రికార్డు చేసి ఇచ్చెయ్, నేను పెట్టేస్తా" అన్నాడు మైక్‌సెట్ ఆయన. అత్త వింటే కదా! "పెండ్లికూతురు వింటా ఉంటేనే నలుగు పాట. ఎవురూ వినకుండా డబ్బాలోకి పాడేదానికి నేనేమన్నా చచ్చిపోయినానా?" అనింది. ఫోన్లోనే పాడిస్తే సరిపోదా అని అమ్మ అడిగితే, ఫోను గొంతు హాలుకు ఆనదని కొట్టిపారేసినాను. నిజం చెప్పాలంటే అందులో నా గొప్ప కూడా ఉంది. దాని కింద ఇంకొకటి కూడా ఉంది, అది అప్పుడు ఒప్పుకోలేదు కానీ ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. ఆ పెద్దమ్మతో పోట్లాడాల్సిన చోట నేను వైరు వేసి తప్పించుకున్నాను.

సరే, పని మొదలైంది. ఇంట్లో సర్వర్ ఆన్ చేసి, మైకు ముందు రేడియో పెట్టి, నేను వాషర్‌మెన్‌పేట్ సెంటర్‌కు పోయి అక్కడి నుంచి వినడానికి ప్రయత్నించినాను. లేదు. నంబరు సరిగ్గానే కొట్టినాను, రెండుసార్లు, పదిసార్లు. ఉహూఁ. ఆ అవస్థలో రెండు రోజులు పోయినాయి. తీరా చూస్తే, మనం డయల్ చేసిన ప్రతిసారీ మన కంప్యూటర్‌కు ఒక కొత్త నంబరు ఇస్తారు. ఇంటి డోర్ నంబరు లాంటిది. పొద్దున నేను కాగితం మీద రాసుకొని పోయిన నంబరు, లైను ఒకసారి తెగి కలిసేసరికి మారిపోయింది. నేను ఆ పాత ఇంటి తలుపే తడుతూ కూర్చున్నాను, బుద్ధి లేక.

ఇంకో చిక్కు. ఆ కొత్త నంబరు అవతలివాళ్ళకు ఎట్లా చెప్పేది? ఇంట్లో ఫోను ఎత్తితే ఇంటర్నెట్ పోతుంది, మళ్ళీ కలిపితే మళ్ళీ కొత్త నంబరు. పిల్లి తన తోక తాను పట్టుకోబోయినట్టే. మంటపం ఆఫీసులో ఉన్నదీ ఒక్కటే లైను, అదీ కంప్యూటర్‌కే పోతుంది. చివరికి నాయన పేజర్ అక్కరకొచ్చింది. నేను కనెక్ట్ చేసి, నంబరు చేతి మీద రాసుకొని, మెట్లు దిగి పక్క సందులో ఉన్న పీసీఓ ఫోను బూత్‌కు పరుగెత్తి, పేజర్ కంపెనీకి ఫోన్ చేసి, ఆపరేటర్‌కు ఒక్కో అంకె చెప్పాలి. అది మంటపంలో నాయన నడుముకున్న పేజర్‌లో పడుతుంది, చెల్లెలు చూసి కొడుతుంది. కలిసిందో లేదో నాకు తెలిసేది ఒక్కటే దారి. మా కంప్యూటర్ తెర మీద ఒక మూల "వినేవాళ్ళు" అని ఉంటుంది, పక్కన సున్నా. అవతల ఎవరైనా కలిస్తే అది ఒకటి అవుతుంది.

మంగళవారం నాయన పేజర్ ఇచ్చి చెల్లెలిని మా సెంటర్‌లో కూర్చోబెడితే అది మొదటిసారి ఒకటి అయ్యింది. గంతులేసినాను. పది నిమిషాల్లో సున్నా. లైను తెగిపోయింది. మళ్ళీ కలిపితే పావుగంట నిలిచింది, మళ్ళీ ఢామ్. బుధవారమంతా ఇదే వరస. మోడెమ్ మార్చినాను. వైరు మార్చినాను. ఎవరైనా ఫోన్ చేస్తే లైను తెగుతుందేమోనని బంధువులందరికీ ఈ వారం మాకు ఫోన్ చేయొద్దని కబురు పెట్టినాను. పెండ్లింటికి ఫోన్లు చేయొద్దని చెప్పే మనిషిని నన్నే చూడండి! అత్తకూ చెప్పినాను, "కంప్యూటర్ ఆన్‌లో ఉంటే ఫోను మోగదు, ఎవరూ చేయలేరు, నువ్వు కంగారు పడొద్దు" అని. అత్త తలూపింది.

గురువారం లైన్‌మ్యాన్‌ను బతిమాలి పిలిపించినాను. స్తంభమెక్కినాడు, డబ్బా తెరిచినాడు, చెవికి ఏదో పెట్టుకొని విన్నాడు. దిగి వచ్చి, "లైను సుత్తమా ఇరుక్కుమ్మా" అన్నాడు. లైను శుభ్రంగా ఉందంట, ఇంట్లోనే ఎవరో రిసీవర్ ఎత్తుతున్నారంట. నాకు ఒళ్ళు మండింది. మా ఇంట్లో ఫోను ఒక్కటే, అది నా ముందరే ఉంది, దాన్ని ముట్టుకుంటే చేతులు విరిచేస్తానని అందరికీ చెప్పి ఉంచినాను. పని చేతకాక సాకులు చెప్తున్నాడని ఆయన మొహం మీదే అనేసినాను. ఆయన నిచ్చెన భుజాన వేసుకొని పోయినాడు.

శుక్రవారం పొద్దున నలుగు. పదిన్నరకు రాహుకాలం వచ్చేస్తుంది, ఆ లోపల అయిపోవాలి. అందరూ ఏడింటికే మంటపానికి పోయినారు. ఇంట్లో అత్తా నేనూ. కింద బైండింగ్ షాపు కత్తెర మిషన్ చప్పుడు మైకులో పడకుండా, మైకును వెనక అత్త గదిలో పెట్టి, పొడవు వైరు లాగి, తలుపు మూసేసినాను. అత్త తలంటుకొని, ఉతికిన చీర కట్టుకొని మంచం మీద కూర్చునింది. పెదవులు కదులుతున్నాయి. ఎవరెవరిని ఏమేం అనాలో కూర్చుకుంటున్నట్టుంది.

తొమ్మిదికి కనెక్ట్ చేసినాను. నంబరు చేతి మీద రాసుకొని మెట్లు దూకి పీసీఓకు పోయినాను. ఆపరేటర్ అమ్మాయి నిద్రలో ఉన్నట్టు అంకెలు తిరిగి చెప్తా ఉంటే నా ప్రాణం పోయింది. తిరిగి పైకొచ్చి తెర ముందు నిలబడినాను. సున్నా. సున్నా. ఒకటి! తలుపు మీద తట్టి "పాడత్తా" అని అరిచినాను. అత్త గొంతు లోపల నుంచి లేచింది. మొదటి చరణం. ఆగింది. రెండోది మొదలుపెట్టలేదు. ఏమైందా అనుకునే లోపల లైను తెగింది.

ఏడుపొచ్చింది నాకు. మళ్ళీ కలిపినాను, మళ్ళీ మెట్లు, మళ్ళీ అంకెలు. తొమ్మిదీ ఇరవై అయిదు. ఒకటి. అత్త మళ్ళీ ఎత్తుకొనింది, మళ్ళీ మొదటి చరణం దగ్గరే ఆగింది, మళ్ళీ లైను పోయింది. మూడోసారి పీసీఓకు పోతే ముందర ఒకాయన ఫోన్లో సిమెంటు మూటల గురించి మాట్లాడుతున్నాడు. "అన్నా, మా చెల్లెలి పెండ్లి" అని ఆయన చేతిలోంచి ఫోను లాక్కున్నంత పని చేసినాను. తొమ్మిదీ ముప్పావుకు మళ్ళీ ఒకటి. అక్కడ పిల్ల పీట పక్కన కంప్యూటర్ పెట్టుకొని ఎదురు చూస్తా ఉంటుంది, ఆ పెద్దమ్మ గడియారం చూస్తా ఉంటుంది.

ఈసారి తెర ముందు నిలబడలేదు. తలుపు దగ్గర నిలబడినాను. చరణం అయింది. ఆగింది. లోపల ఏదో చిన్నగా టక్కుమనింది. వెనక నా కంప్యూటర్ కీచుమని లైను వదిలేసింది.

తలుపు తోసినాను. మంచం పక్కన గోడకు మా తాత కాలం నాటి నల్ల ఫోను ఒకటుండేది. డయల్ తిరగదు, గంట మోగదు. చచ్చిపోయిందని అందరం ఏనాడో దాన్ని మరిచిపోయినాం. బట్టలు కూడా దాని మీదే ఆరేసేవాళ్ళం. మోగకపోతే ఏం, దాని తీగ ఇంకా ఆ లైనులోనే ఉంది. అత్త దాని రిసీవర్ చెవికి ఆనించుకొని కూర్చునుంది.

ఎంత మాటలన్నానో ఇప్పుడు చెప్పడానికి సిగ్గుగా ఉంది. వారం రోజుల కోపం అంతా కక్కేసినాను. "నీకు బుద్ధుందా అత్తా? ఎన్నిసార్లు చెప్పినాను ఫోను ముట్టుకోవద్దని? నువ్వే కదా ఇన్ని రోజులూ తెంచింది! దాని పెండ్లి చెడగొట్టాలనే కూర్చున్నావా?"

అత్త రిసీవర్ పెట్టేయలేదు. ఒళ్ళో పెట్టుకొని, "కోప్పడొద్దు పాపా" అనింది. "కంప్యూటర్ ఉంటే ఫోను మోగదంటివి కదా. ఇదెట్లా మోగదు. మరి ఎవురన్నా పిలిస్తే నాకెట్లా తెలిసేది? అందుకని అప్పుడప్పుడూ ఎత్తి చూస్తా ఉండా."

"ఎవరు పిలుస్తారు నిన్ను?"

"ఎవురో ఒకరు. రా అని." అత్త కళ్ళు తుడుచుకోలేదు, దాచుకోనూ లేదు. "నేను రానంటిని, నిజమే. రానంటే మీరంతా సరేనంటిరి. నీ తెలివికి ఈ డబ్బా పెట్టిస్తివే గానీ, ఇంట్లో ఒక్కరన్నా, రా అత్తా, ఏం కాదు రా అని పిలిస్తిరా? ఊరందరికీ పత్రిక ఇచ్చి పిలిస్తిరి. ఆడ పిల్ల కూర్చోనుంటే, నేను ఈడ గోడకు పాడతా ఉండా. చరణం అయినాక దీన్ని చెవికి పెట్టుకొని విన్నా, ఔనమ్మా అనేవాళ్ళు ఒక్కరూ లేరు."

నాకు, ఇంత కోపం ఉన్నదానికి, ఆమె తరఫున ఒక్కనాడు కూడా కోపం రాలేదు. నిశ్చితార్థంలో రాలేదు. వారం రోజులుగా వైర్లనూ మోడెమ్‌నూ లైన్‌మ్యాన్‌నూ తిట్టినాను. తిట్టాల్సింది నన్నే.

"లే అత్తా, పోదాం రా" అన్నాను. "నేను పిలుస్తా ఉండా. రా."

"ఆమె ఏమన్నా అంటే?"

"అననీ. చూసుకుంటాను."

అత్త కాసేపు నా మొహం చూసింది, నిజమేనా అన్నట్టు. తర్వాత లేచి చెప్పులు వెతుక్కునింది.

ఆటోవాడు తొండియార్‌పేట అంటే ముందు రానన్నాడు. నేను ఎక్కి కూర్చున్నాక ఇంకేం చేస్తాడు? దారిపొడుగునా లారీలు, హార్బర్ వైపు పోయే కంటెయినర్లు. ఒక చోట అసలు కదల్లేదు. పదీ పది. నేను దిగి ట్రాఫిక్ పోలీసుతో పోట్లాడదామనుకుంటే అత్త చెయ్యి పట్టుకొని లాగింది. పదీ ఇరవైకి మంటపం ముందర దిగినాం.

హాల్లో చెల్లెలు పీట మీద కూర్చోనుంది. పక్కన కంప్యూటర్ తెర వెలుగుతోంది, దాంట్లో ఏమీ లేదు. నలుగు గిన్నెను ఒళ్ళో పెట్టుకొని రెండు చేతులతో మూసి ఉంది, ఎవరూ ముట్టుకోకుండా. చుట్టూ ఆడవాళ్ళు గుంపుగా నిలబడి ఒకటే గుసగుసలు. అబ్బాయి పెద్దమ్మ "ఇంకెంత సేపు, రాహుకాలం వచ్చేస్తా ఉంది, ఎవరో ఒకరు పాడండి" అంటోంది. అత్త గడప దగ్గరే ఆగిపోయింది. చెల్లెలు చూసింది. లేవబోయింది, పెండ్లికూతురు పీట మీద నుంచి లేవకూడదని ఎవరో భుజం నొక్కినారు.

పెద్దమ్మ వెనక్కి తిరిగి అత్తను చూసింది. నేను నోరు తెరిచినాను. తగువుకు ఆటోలోనే మాటలన్నీ పేర్చి పెట్టుకున్నాను. నా కన్నా ముందు మా అమ్మ, ఎప్పుడూ ఎవరినీ ఏమీ అనని మా అమ్మ, గుంపులో నుంచి వచ్చి అత్త చెయ్యి పట్టుకొనింది.

"మా వదిన" అనింది పెద్దమ్మతో. "పిల్లను పెంచింది ఈమే. పాటా ఈమెదే. రా వదినా."

పీట ఎదురుగా చాప మీద కూర్చోబెట్టింది. అత్త చెల్లెలిని చూసింది, చెల్లెలు గిన్నె మీద నుంచి చేతులు తీసింది. అత్త గొంతు సవరించుకొని, మొట్టమొదటి చరణానికే ఆ పెద్దమ్మను పట్టుకొనింది. గడియారం చూసి చూసి మెడ వంకరపోయిన పెద్దమ్మకు మెడ సరిచేసే వైద్యుడు ఏ ఊళ్ళో దొరుకుతాడని అడిగింది. ఆమె మొహం జేవురించింది. కట్టు కట్టే, కోపం తెచ్చుకోకూడదు, మింగలేక కక్కలేక కూర్చునింది.

చరణం అయింది. చూలై వాళ్ళు, తొండియార్‌పేట వాళ్ళు, ముసలివాళ్ళు, పిల్లల్ని చంకనేసుకున్నవాళ్ళు, అందరూ ఒక్కసారిగా "ఔనమ్మా ఔను" అని అందుకున్నారు. హాలు దద్దరిల్లింది. అత్త ఉలిక్కిపడింది. పాట ఆపేసి వెనక్కి తిరిగి అందరినీ చూసింది, ఒక్కొక్కరినీ. తను నేర్పినవాళ్ళనే.

"ఇంతమందా?" అనింది నాతో. "ఇంతమంది కలిసి అంటారా నేను పాడితే?"

అప్పటికి ఆమెకు యాభై తొమ్మిదేళ్ళు.